మనవడి బుల్లెట్, నా చెవులు



పోయిన నెల పెన్షన్‌దార్ల జీవన్ ప్రమాణ్ గురించి రాసిన. చాలామంది ఫోన్ చేసి మంచిగ రాసినవన్నరు. వాళ్ళన్నది నాకు సగమే వినబడ్డది. మిగతా సగం పక్కన కూసున్న మా ఆమె చెప్పింది. ఈ నెల ఆ వినబడని సగం గురించి రాస్తున్న. అది మోటార్ సైకిల్ పైపు కాడ బయటపడ్డది కాబట్టి ముందు పైపు సంగతే చెప్తా.

మేముండేది షోలాపూర్ పక్కన కుంభారిలో, బీడీ కార్మికుల ఘరకుల్‌లో. ఎరుగనోళ్ళకు చెప్పాలె, బీడీలు చుట్టే ఆడోళ్ళ కోసం కట్టిన 10,000 ఇండ్ల బస్తీ అది. 2006లో తాళాలు చేతికొచ్చినయి. ఇల్లు మా ఆమె పేరు మీదున్నది, నేను ఆమె ఇంట్ల కిరాయి కట్టకుంట ఉంటున్న. ఇండ్లు దగ్గర దగ్గర. ఒక ఇంట్ల పోపు పెడితే మూడో ఇంట్ల తుమ్ముతరు.

మా పెద్ద మనవడికి 23 ఏండ్లు. అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో ఒక టవల్ కార్ఖానాల సాంచాలు నడుపుతడు. పైసా పైసా కూడబెట్టి పోయినేడు బుల్లెట్ కొన్నడు. సెకండ్ హ్యాండ్‌దే, 2014 మోడల్ క్లాసిక్ 350, కార్బురేటర్ బండి. నేను బతుకంతా సైకిల్ మీద మిల్లుకు పోయిన మనిషిని. ఆ కాలంల బుల్లెట్ అంటే ఫౌజ్‌దారుకు ఉండేది, లేకుంటే చెరుకు పండించే పెద్ద రైతుకు ఉండేది. అసొంటిది మన గడప ముందట నిలబడితే నా ఛాతీ కూడా పొంగింది, అబద్ధమెందుకు ఆడాలె.

రెండు నెలలకు సోపతిగాండ్లతోని పోయి పైపు మార్పించుకొచ్చిండు. కంపెనీ సైలెన్సర్ తీసేసి ఒక పొట్టి గొట్టం పెట్టించిండు. పిల్లలు దాన్ని ఇందోరీ అంటరు, పంజాబ్ అంటరు, ఒక్కో దుకాణంల ఒక్కో పేరు. పాత సైలెన్సర్‌ను ఆ దుకాణపాయన భంగార్ కింద లెక్క కట్టి 300 తగ్గించిండట. మనవడు అది లాభం అనుకున్నడు.

ఆ చప్పుడు నాకు నచ్చింది. ఇది మా ఇంట్లోళ్ళకు కూడా మొదట చెప్పలేదు, ఇయ్యాల మీకు చెప్తున్న. వాడు రెండో పాళీ ఇడిసి వచ్చేసరికి రాత్రి పన్నెండు గొడ్తది. ఇంతకుముందు వాడొచ్చింది నాకు తెల్వకపోయేది. గంటకోసారి లేచి గడప కాడ చెప్పులు చూసొచ్చేటోన్ని. చెప్పులుంటే వచ్చినట్టు. అక్కల్‌కోట్ రోడ్డు మీద రాత్రిపూట లారీలు ఎట్ల పోతయో ఈడి వాళ్ళకు ఎరుకే. కొత్త పైపు పెట్టినంక ఆ లేచుడు తప్పింది. బండి ఇంకా మలుపు కాడ ఉండంగనే నా మంచంల దడ దడ అని తెలిసేది. వచ్చిండు అనుకొని అటు మర్లి పండుకునేటోన్ని. ఇంట్ల ఏ మాటా సక్కగ వినబడని నాకు మనవడి రాక వినబడ్డది. అంతకంటె ఏం కావాలె.

ఒకరోజు పక్కింటక్క వచ్చింది. మా ఆమె బీడీలు అప్పగించటానికి కార్ఖానాకు పోయింది, ఇంట్ల నేనొక్కన్నే. ఆమె గుమ్మం కాడ నిలబడి ఏదో చెప్పింది. చేతిల కొంగు పట్టుకొని, తల వంచుకొని చెప్పింది, పెదవులు నాకు కానరాలె. నేను నవ్వి తల ఊపిన. మళ్ళ వారానికి వచ్చింది. అప్పుడు కూడా నవ్వి తల ఊపిన. మూడోసారి రాలేదు. నల్లా కాడ మా ఆమెతోని మాట్లాడుడు కూడా బంద్ చేసింది.

మా ఆమెనే పోయి అడిగి తెలుసుకొచ్చింది. వాళ్ళ బిడ్డ కాన్పుకొచ్చింది, ఒడిల నెల గుడ్డు. రాత్రి మా వాడి బండి గల్లీల మర్లంగనే పసిది ఉలికిపడి లేస్తుందట, కక్కటిల్లి ఏడుస్తుందట, తెల్లారెదాక బాలింతకు కన్ను మూతపడదట. "జర మీ మనవనికి చెప్పు అన్నా, గల్లీ మొగన బండి బంద్ చేసి తోసుకుంట రమ్మను" అని అడిగిందట ఆమె. రెండుసార్లూ నేను నవ్విన్నట.

"నవ్వుడు ఎందుకయ్యా? వినబడలే అని చెప్తే నోరు పడిపోతదా?" అన్నది మా ఆమె. ఈ మాట మాత్రం నాకు మొత్తం వినబడ్డది, ఎందుకంటె మొఖం మీదికొచ్చి అన్నది.

ఇక్కడ ఆగి చెవుల సంగతి చెప్పాలె. నేను 18 ఏండ్లకు, 1977ల, మిల్లుల బదిలీ కింద చేరిన. మిల్లు పేరు రాయను. సాంచాల ఖాతాల ఒక్క రేకుల షెడ్డు కింద వందల సాంచాలు. ఒక్కో సాంచా మీద నాడె నిమిషానికి నూట యాభై సార్లు అటూ ఇటూ కొడుతది. ప్రతి దెబ్బకు తోలు పికర్ మీద కట్టె మొన. ఆ వందల దెబ్బలు కలిస్తే దెబ్బ దెబ్బగ వినబడవు, ఒకటే హోరు. అక్కడ నోటి మాటకు పనిలేదు. మేము పెదవులు చూసి మాట పట్టేటోళ్ళం, చేతులతోని చెప్పేటోళ్ళం. మణికట్టు మీద కొడితే టైమెంత, రెండు వేళ్ళు నోటి కాడ పెడితే బీడీకి పోదామా. చెవులల్ల పత్తి పెట్టుకునేటోళ్ళం, మిల్లుల పత్తికి కరువా. పొడి పత్తి దుమ్మును ఆపుతది గాని చప్పుడును శానా ఆపదని నాకు ముసలితనంల తెలిసింది.

కొత్తల ఇంటికొచ్చినంక చెవులల్ల గుయ్యి మనేది. తెల్లారేసరికి పోయేది. కొన్నేండ్లకు ఆ గుయ్యి మనుడు నా వెంటనే ఉండుడు మొదలుపెట్టింది, నేను పట్టించుకోలేదు. అలవాటైంది అనుకున్న. సాంచాలోనికి చెవుడు రాకపోతే వాడు సాంచాలోడే కాదు అని ఎకసెక్కాలాడేటోళ్ళం. మిల్లు మూతపడ్డంక పవర్‌లూమ్ కార్ఖానాలల్ల పడ్డ. అక్కడ షెడ్డు చిన్నది, గోడలు దగ్గర, పాళీ 12 గంటలు. మొత్తం లెక్కేస్తే నలభై ఏండ్ల పైన.

పక్కింటక్క సంగతి అయినంక మా ఆమె నన్ను చెవుల డాక్టరు కాడికి గుంజుకపోయింది. గాజు గదిల కూసోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, వినబడ్డప్పుడు బటన్ నొక్కుమన్నరు. శానసేపు ఏం రాలేదు, మిషన్ ఖరాబైందనుకున్న. డాక్టరు కాగితం మీద గీత చూపించిండు. ఎడమ దిక్కు గీత పైననే ఉన్నది, కుడి దిక్కు పోంగ పోంగ 4000 అంకె కాడ గుంటల పడ్డట్టు కిందికి దిగింది. చప్పుడుతోని పోయిన చెవికి అదే గుర్తట. చెవి లోపట నత్తగుల్ల లెక్క ఒక అవయవం, దాంట్ల సన్నటి వెంట్రుకల అసొంటి కణాలు ఉంటయట. గాలికి వంగిన జొన్న చేను మళ్ళ లేస్తది, రోజూ తొక్కిన చేను లేవదు. పోయిన కణం మళ్ళ మొలవదు, దానికి మందు లేదన్నడు.

ఇంకొకటి చెప్పిండు, అది నాకు బాగ తాకింది. సన్నటి ధ్వనులు ముందు పోతయి. స, శ, త, ప, క అసొంటి అక్షరాలు, చిన్నపిల్లల గొంతులు, ఆడోళ్ళ మాటలు. దొడ్డు చప్పుడు మాత్రం చివరిదాక ఉంటది. డోలు, లారీ, బుల్లెట్. మా ఆమె పప్పు అంటే నాకు అప్పు అని వినబడుతది, చెప్పు అని వినబడుతది. పక్కింటక్క నోటి మాట పోయి పోరని పైపు చప్పుడు ఎందుకు వినబడ్డదో అప్పుడు సమజైంది. నాకు నచ్చిన ఆ చప్పుడు నా చెవిల మిగిలిన చివరి ముక్క. దాన్ని పట్టుకొని పక్కింటోళ్ళ పసిగుడ్డును నెల రోజులు లేపిన.

ఆదివారం నాడు మనవన్ని కూసోబెట్టి చెప్పిన. ఊకోలేదు వాడు.

"చప్పుడుంటే లారీలోళ్ళు పక్కకు జరుగుతరు తాతా, నా పానానికే మంచిది."

"పైపు నోరు ఎటున్నది, ముందుకా ఎనుకకా? చప్పుడు ఎనుకకు పోతది, లారీ ముందట ఉంటది."

"పవర్ పెరిగింది తాతా."

"ఎవరు చూసిండ్రు?"

"తెలుస్తది."

తెలుస్తదట. సాంచాకు పట్టా జారితే చప్పుడు ఎక్కువొస్తది, గుడ్డ తక్కువొస్తది. చప్పుడును చూసి జోరు అనుకునుడు నలభై ఏండ్లల్ల నేను మస్తు చూసిన. పోలీసుల సంగతి కూడా చెప్పిన. మోటారు వాహనాల చట్టంల 190వ సెక్షన్ కింద చప్పుడు, పొగ నేరానికి 2019 సవరణ తర్వాత మొదటిసారికే పదివేల దాక జుల్మానా, మూడు నెలల దాక జైలు కూడా రాసి ఉన్నది, లైసెన్సు మూడు నెలలు బంద్. అవన్నీ వాడికి ఎరుకే. గుంజుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్ తోలే వీడియోలు వాడే నాకు చూపించిండు. భయం లేదు వాడికి.

పసిపిల్ల మాట చెప్తే మెత్తబడ్డడు. "నాకు ఎవరు చెప్పలే కద తాతా" అన్నడు. అవును, నాకు చెప్పిండ్రు, నేను నవ్విన. ఇగ ఏమంటా.

పైపు తీసేసి పాతది పెట్టుకుంటే అయిపాయె అనుకుంటరు మీరు. నేను గట్లనే అనుకున్న. నాకు ఎరుకైన ఒక వెల్డింగ్ మిస్త్రీ ఉన్నడు, ఇనుప గేట్లు చేస్తడు, బండ్ల పైపులు కూడా వంచుతడు. ఆయన కాడికి పోయినం. బండిని చూడంగనే, "కాకా, వీళ్ళు బెండు పైపునే కోసిండ్రు" అన్నడు. ఇంజన్ నుంచి వంగి ఎనుకకొచ్చే గొట్టాన్ని బెండు పైపు అంటరు. ఆ పొట్టి గొట్టం అతకటానికి మొదటి దుకాణపాయన దాన్ని నాలుగు వేళ్ళ మందం కోసి, మీద ఒక తొడుగు పెట్టి వెల్డింగ్ కొట్టిండు. ఇగ కంపెనీ సైలెన్సర్ తెచ్చినా అందదు. సొంతంగ గొట్టం కట్టాల్సిందే.

ఇక్కడి నుంచి పిల్లలు చదువుతే మంచిది, పెద్దలకు విసుగనిపిస్తే దాటేయుండ్రి.

ముందు భంగార్ బజారుకు పోయి పాత కంపెనీ సైలెన్సర్ వెతికినం. మిస్త్రీ ఒక సూత్రం చెప్పిండు, ఊపి చూడుండ్రి, లోపట గలగల అంటే జాలీలు ఊడినట్టు. నాకు గలగల వినబడదు. కాని సాంచా కట్టె మీద చెయ్యి పెట్టి ఏ బోల్టు వదులైందో చెప్పిన చెయ్యి ఇది. మొదటిది ఊపితే చేతిల ఏదో కదిలినట్టు తెలిసింది, పక్కకు పెట్టిన. మనవడు చెవి కాడ పెట్టి ఊపి, "అవును తాతా, గలగల అంటుంది" అన్నడు. రెండోది గట్టిగ ఉన్నది, అడుగున తుప్పు లేదు. 1,200 చెప్పిండు, 900కు ఇచ్చిండు.

ఇంటికొచ్చి రాత్రే ఇంజన్ హెడ్డు కాడి రెండు నట్లకు నూనె పోసి పెట్టమన్న. హెడ్డు అల్యూమినియంది, నట్టు తుప్పు పట్టి ఉంటది. పొద్దున పొద్దున పానా వేసి బలం చూపిస్తే స్టడ్డు విరుగుతది. అది విరిగితే సైలెన్సర్ ఖర్చు కాదు, హెడ్డు ఖర్చు. నానినంక కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్ళ విప్పి అట్ల తీయాలె. సాంచాలకు గూడ మేము అదే చేసేటోళ్ళం.

తెల్లారి మిస్త్రీ పెట్రోల్ టాంకీ తీసి దూరం పెట్టిండు, బ్యాటరీ తీగ ఊడదీసిండు. బండి మీద వెల్డింగ్ కొట్టేటప్పుడు ఈ రెండూ తప్పవు. హెడ్డు కాడ కొత్త గ్యాస్కెట్ వేసి బెండు పైపు మొదలు తగిలించిండు. ఎనుక సైలెన్సర్‌ను దాని కొక్కానికి రబ్బరు బుష్‌తోని వేలాడదీసిండు. రెండూ వదులుగనే. నడుమ మిగిలిన సందు ఎంతుందో దాన్ని కొలిసి, ఒకటిన్నర అంగుళం స్టీలు గొట్టం కోసి, వంపు చూసుకొని, మూడు చోట్ల చుక్కలు పెట్టినట్టు టాకాలు కొట్టిండు. పూర్తిగ అతకలేదు. టాకా అంటే బట్టకు కచ్చా కుట్టు అసొంటిది, తప్పైతే విప్పుకోవచ్చు.

తప్పే అయింది. మనవడు బండి మీద కూసొని బ్రేక్ తొక్కంగనే పెడల్ పోయి గొట్టానికి తాకింది. క్లాసిక్‌కు బ్రేక్ కుడి కాలికి, గొట్టం గూడ కుడి దిక్కే. అట్లనే అతికిచ్చి పోతే ఏదో ఒకనాడు వానల బ్రేక్ సగమే పడుతది. టాకాలు గ్రైండర్‌తోని కోసి, గొట్టాన్ని ఒక వేలు మందం లోపలికి తిప్పి మళ్ళ కొట్టిండు. ఈసారి నేనే పెడల్‌ను చేత్తోని అడుగుదాక నొక్కి, గొట్టానికీ పెడల్‌కూ నడుమ వేలు పెట్టి చూసిన. తర్వాత ఎనుక సీటు మీద ఇద్దరం కూసొని బండిని కిందికి నొక్కి, సైలెన్సర్ ఎక్కడా రాసుకుంటలేదని చూసినం. అప్పుడు మొత్తం విప్పి, బల్ల మీద పెట్టి, చుట్టూ నిండుగ వెల్డింగ్ కొట్టిండు.

ఆయన వెల్డింగ్ చేసేటప్పుడు మనవన్ని అటు చూడొద్దన్న. ఇద్దరం బయట రాయి మీద కూసున్నం. ఊకెనే అడిగినట్టు అడిగిన, "నీకు చెవులల్ల గుయ్యి మంటదారా?"

వాడు శానసేపు ఏమనలే. "రాత్రి పండుకున్నంక అంటది తాతా. పొద్దున తగ్గుతది" అన్నడు.

"బండి మీద పోతుంటే?"

"అప్పుడు తెల్వది."

పన్నెండు గంటలు సాంచాల నడుమ, బయటికొచ్చి అరగంట ఆ పైపు మీద. చెవికి ఊపిరి తీసుకునే గడియ లేదు. తెల్లారి తగ్గే గుయ్యి మనుడు నాకు ఇరవై ఏండ్లప్పుడు ఉండె. నేను ఆ మాట వాడికి చెప్పిన. మిల్లు కథలు వాడికి మస్తు చెప్పిన గాని ఈ ఒక్క కథ ఎప్పుడూ చెప్పలేదు, దాన్ని ఎకసెక్కం లెక్కనే చెప్పిన. ఫ్యాక్టరీల నమూనా నియమాలల్ల ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ దాటొద్దని ఉండె. నాడె సాంచాల షెడ్డుల అంతకంటె ఎక్కువే ఉంటది. పాత ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌ల జబ్బుల పట్టీ ఉండె, దాంట్ల చప్పుడుతోని చెవి పోవుడు కూడా ఒక జబ్బని రాసి ఉండె. మనోళ్ళు దాన్ని ముసలితనం అనుకొని ఊకుంటరు. కార్ఖానాల పిల్లలను పంపే తల్లులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండ్రి. మెడికల్ దుకాణంల స్పాంజి బిరడలు దొరుకుతయి, నలిపి చెవిల పెట్టుకుంటే ఉబ్బి సందు మూస్తయి. మనవడికి ఆ రోజే కొనిచ్చిన.

మిస్త్రీకి చేతిల పని ఆగంగనే, తీసేసిన ఆ పొట్టి గొట్టాన్ని కోసి చూపించమన్న. నాకు చూడాలనిపించింది. గ్రైండర్‌తోని పొడుగున చీల్చిండు. లోపట ఒక చిల్లుల గొట్టం, దాని చుట్టూ ఒకప్పుడు గాజు ఊలు ఉండె, ఇప్పుడు కొస కాడ నల్లగ మాడిన పిడికెడు మిగిలింది. నేను నవ్విన. రంగుల ఖాతాల పనిచేసినోళ్ళకు ఇది వెంటనే తెలుస్తది. నూలుకు రంగెక్కించే చిల్లుల బాబిన్ అసొంటిదే. దాంట్ల రంగు నీళ్ళు చిల్లులల్ల నుంచి నూలులకు దూరుతయి, దీంట్ల చప్పుడు చిల్లులల్ల నుంచి ఊలులకు దూరి అక్కడ చస్తది. నూలు లేని బాబిన్‌కు రంగేస్తే నీళ్ళు ఊకెనే కారిపోతయి. ఊలు కాలిపోయినంక ఈ గొట్టం సంగతి గూడ అంతే.

కంపెనీ సైలెన్సర్‌ల ఊలు కాదు, అడ్డగోడలు ఉంటయి. మిల్లు పాళీ ఇడిసినప్పుడు పెద్ద గేటు ఒక్కసారి తెరిస్తే జనం మీద జనం పడి బయటికి దుంకుతరు. అదే చిన్న దర్వాజా నుంచి, మూల మూలకు మర్లి రమ్మంటే నడుసుకుంట వస్తరు. ఇంజన్‌ల పొగ గూడ అట్లనే. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి పొగ ఇడుస్తది. నిలబడ్డ బుల్లెట్ వెయ్యి చుట్లు తిరుగుతుంటే నిమిషానికి అయిదు వందల పేలుళ్ళు. వాటిని గోడలకు తిప్పి, ఊపు తగ్గించి పంపుతది కాబట్టే దానికి ఆ పేరు. 175 సీసీ పైబడ్డ మోటార్ సైకిల్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు 80 డెసిబెల్స్ దాటొద్దని కేంద్రం నియమం పెట్టింది. ఈ అంకెలు మామూలు లెక్క కాదు. పది పెరిగితే చప్పుడు బలం పదింతలు అయితది.

ఆ పవర్ మాటకు మిస్త్రీనే జవాబిచ్చిండు. ప్లగ్గు విప్పి మనవని చేతిల పెట్టిండు. తెల్లగ సున్నం కొట్టినట్టున్నది. మంచిగ కాలే ఇంజన్ ప్లగ్గు బిస్కిట్ రంగుల ఉంటది. గొట్టం ఖాళీ చేసి కార్బురేటర్ జెట్టు మార్చకపోతే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతది, ఇంజన్ వేడెక్కుతది. "ఇంకో ఏడాది ఇట్లనే తోలితే వాల్వు పని నాకే వచ్చేది" అని మిస్త్రీ నవ్విండు. మనవడు ఆ ప్లగ్గును జేబుల వేసుకున్నడు, ఎందుకో.

బిగించేటప్పుడు వరస ఉన్నది. ముందు హెడ్డు నట్లు, తర్వాత నడుమ క్లాంపు, చివరికి ఎనుక కొక్కెం. ఎనుక ముందు బిగిస్తే గొట్టం గుంజుకపోయి ఉంటది, గతుకులల్ల వెల్డింగ్ పగులుతది. స్టార్ట్ చేసినంక పొగ ఎక్కడన్న లీకుందేమో చూడాలె. మిస్త్రీ వంగి చెవి పెట్టి విన్నడు, ఏం లేదన్నడు. నేను జేబుల నుంచి నూలు పోగు తీసి (నా జేబుల ఎప్పుడూ ఒకటి ఉంటది, మా ఆమె బట్టలు ఉతికేటప్పుడు తిడ్తది) అతుకు చుట్టూ తిప్పి చూసిన. హెడ్డు కాడ పోగు ఊగలే. నడుమ క్లాంపు అడుగున మాత్రం టక టక ఊగింది. అక్కడ సన్నటి సందు. అసొంటి సందు ఉంటే యాక్సిలరేటర్ ఇడిసినప్పుడల్లా బయటి గాలి లోపటికి పోయి పటపట మంటది. మిస్త్రీ క్లాంపు విప్పి, తొడుగు సరిచేసి మళ్ళ బిగించిండు. పోగు నిలబడ్డది. "కాకా, ఇది నాకు తెల్వదు" అన్నడు. ఇన్నేండ్లకు నా చెవుడు ఒక పనికి అక్కరకొచ్చింది. పది నిమిషాలు నడిపి, చల్లారినంక మళ్ళ ఒకసారి నట్లన్నీ బిగించినం. వేడికి గొట్టం సాగుతది, మొదటి బిగింపు నిలబడదు.

మిస్త్రీ చేతికూలి, గొట్టం, గ్యాస్కెట్ కలిసి 1,500. సైలెన్సర్ 900. పాతదాన్ని 300కు ఇచ్చిన లాభం ఇది.

ఆ సాయంత్రం మా ఆమెను తోడు తీసుకొని పక్కింటికి పోయిన. మనవడు వాళ్ళ కార్ఖానా చిన్న టవల్ ఒకటి పసిదానికి తెచ్చిండు. "అక్కా, ఆనాడు నువ్వన్నది నాకు వినబడలే. వినబడినట్టు నవ్విన, తప్పైంది" అన్న. ఆమె ఏదో అన్నది. నేను ఆమె పెదవుల దిక్కే చూసిన, సగమే దొరికింది. మళ్ళ నవ్వు రాబోయింది, ఆపుకొని, "మళ్ళొకసారి చెప్పు అక్కా, ఇటు మొఖం పెట్టి" అన్న. ఇట్లా అడుగుడు నాకు ఇదే మొదలు. నా తోటి సాంచాలోళ్ళు, మీరు గూడ నా లెక్క తల ఊపేటోళ్ళేనని నాకు ఎరుకే. ఆమె రెండోసారి మెల్లగ చెప్పింది, "టవల్ మెత్తగున్నది అన్నా" అని. అంతే, గంత చిన్న మాట. బాలింత నాకు చాయ్ ఇచ్చింది. పసిదాని గొంతు నాకు వినబడది, నోరు తెరిసి ఏడుస్తుంటే చూసిన.

మనవడు చెవుల డాక్టరు కాడికి వచ్చే ఆదివారం పోతనన్నడు. రెండు ఆదివారాలు అయినయి. బిరడలు మాత్రం పెట్టుకుంటుండు, సోపతిగాండ్లు నవ్వినా పెట్టుకుంటున్ననని చెప్పిండు. నమ్మాలె.

ఇప్పుడు రాత్రి బండి వచ్చింది నాకు తెల్వదు. మళ్ళ మెలకువ మొదలైంది. మొన్న చెప్పులు చూడటానికి లేవబోతుంటే మా ఆమె కింద చాప మీది నుంచి కాలి వేలితోని నా మంచం కోడును రెండుసార్లు తట్టింది. చీకట్ల పెదవులు కానరావు కద. వచ్చిండని చెప్పుడు అది. అప్పటి నుంచి రోజూ తడుతుంది. తాను నిద్రపోయిన్నాడు మాత్రం నేనే లేచి చెప్పులు చూసొస్తున్న.